దొప్ప పడవలు, గుండ్రటి పేకముక్కలు: ఒడిశా సరిహద్దు ఇళ్లలో ఖర్చు లేని ఆటలు

బ్యాటరీతో పరుగెత్తే బొమ్మకారుకు తెలిసిన పని ఒక్కటే. మీట నొక్కితే అది పరుగెడుతుంది, పిల్లవాడు చూస్తూ నిలబడతాడు. చూడటం మొహం మొత్తిన రోజున అది మంచం కిందికి చేరుతుంది. అరటి దొప్పకు అలాంటి నిర్ణీతమైన పని ఏదీ లేదు కనుక అది ఉదయం పడవగా, మధ్యాహ్నం బొమ్మకు ఉయ్యాలగా, సాయంత్రం గుజ్జనగూళ్ల వంటకు పళ్లెంగా మారుతుంది. సాధారణంగా బొమ్మ ధర పెరిగేకొద్దీ అన్నీ అదే చేసేస్తుంది, పిల్లల ఊహకు చేయవలసింది ఏమీ మిగలదు. చవకైన వస్తువు పిల్లలను ఎక్కువసేపు ఆడించడానికి కారణం దాని చవకతనం కాదు, దాని అసంపూర్ణత.

ఈ విషయాన్ని మనోవిజ్ఞాన శాస్త్రం చాలాకాలం క్రితమే గమనించింది. రష్యన్ శాస్త్రజ్ఞుడు లెవ్ వైగోట్‌స్కీ 1933లో ఆటపై ఇచ్చిన ఉపన్యాసంలో కర్రను గుర్రం చేసుకొని స్వారీ చేసే పిల్లవాణ్ణి ఉదాహరణగా తీసుకున్నాడు. కంటికి కనిపించే కర్ర నుంచి గుర్రం అనే భావం ఆ ఆటలో విడిపోతుందనీ, వస్తువు లేకుండానే భావంతో ఆలోచించగలగడానికి అది మధ్య మెట్టనీ ఆయన వాదించాడు. బ్రిటన్‌కు చెందిన సైమన్ నికల్సన్ 1971లో రాసిన వ్యాసంలో ఇదే సంగతిని పరిసరాల వైపు నుంచి చెప్పాడు. కదపడానికి, విడదీయడానికి, మళ్లీ కలపడానికి వీలైన విడి వస్తువులు ఒక చోట ఎంత ఎక్కువగా, ఎన్ని రకాలుగా ఉంటే అక్కడ కొత్తదాన్ని కనిపెట్టే అవకాశం అంత ఎక్కువ అని ఆయన సిద్ధాంతం. చింతపిక్కలు, గవ్వలు, ఈనెపుల్లలు, పాత చీరముక్కలు, ఖాళీ అగ్గిపెట్టెలు దొరికే ఇంట్లో ఆ విడి వస్తువులకు కొదవ ఉండదు.

ఒడిశా దక్షిణ జిల్లాల తెలుగు ఇళ్లలో దీనికి మరో కోణం ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు గంజాం, కోరాపుట్ ప్రాంతాలు మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి అందులో కలిశాయి. తర్వాత 1992లో గంజాం నుంచి గజపతి జిల్లా, కోరాపుట్ నుంచి రాయగడ జిల్లా విడిపోయాయి. బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వంటి ఊళ్లలో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో ఇప్పుడు చాలామంది పిల్లలకు బడిలో ఒడియా లేదా ఇంగ్లిషు, వీధిలో ఒడియా, ఇంట్లో మాత్రం తెలుగు. తాతలకు తెలుగు చదవడం వచ్చు, మనవలకు రాదు. మనవలు రాసే ఒడియా అక్షరాలు కొందరు మామ్మలకు కొక్కిరిబిక్కిరి గీతలు. ఇంటి తెలుగు "అన్నం తిన్నావా, స్నానం చేశావా" అన్న నాలుగు ప్రశ్నల దగ్గర ఆగిపోయే ప్రమాదం అక్కడే ఉంది. బేరమాడటానికి, బతిమాలుకోవడానికి, కోపం నటించడానికి, కథ మలుపు తిప్పడానికి కావలసిన తెలుగు ఆ ప్రశ్నల్లో లేదు. వేషం కట్టిన ఆటలో, అంగడి ఆటలో అది లేకపోతే ఆటే సాగదు. అక్షరాలు దిద్దించి భాష నిలబెట్టాలనుకునే పెద్దల ప్రయత్నం తప్పు కాదు, కానీ బడి పని ముగించి వచ్చిన పిల్లకు అది మరో బడి పనే. ఆటకు ఆ బరువు లేదు.

ఈ ప్రాంతంలో అన్నిటికన్నా సుళువుగా మొదలుపెట్టదగిన ఆట దొప్ప పడవ. కార్తీక పౌర్ణమి తెల్లవారుజామున ఒడియా కుటుంబాలు "ఆ కా మా బోయి" అని పాడుతూ అరటి బోదెతో, కాగితంతో చేసిన చిన్న పడవలను చెరువుల్లో, నదుల్లో వదులుతాయి. కళింగ నావికులు తూర్పు సముద్రాల మీదుగా వర్తకానికి వెళ్లిన కాలాన్ని తలచుకునే బొయిత బందాణ ఉత్సవం అది. ఆ తర్వాత రెండు వారాలకు, కార్తీక అమావాస్య దాటిన మర్నాడు పోలి పాడ్యమి నాడు, తెలుగు ఇళ్ల ఆడవాళ్లు అరటి దొప్పల్లో దీపాలు పెట్టి నీళ్లలో విడుస్తారు. ఋషికుల్య, వంశధార, మహేంద్రతనయ ఒడ్డున ఉండే పిల్లలకు ఈ రెండు పండుగలూ తెలుసు, కాబట్టి పడవ చేయడం నేర్పవలసిన అవసరం సగం తీరిపోయినట్టే. పండుగ రోజు పడవ నీళ్లలోకి పోతుంది. ఆట పడవ ఇంటికి తిరిగి వస్తుంది, అందుకే దాన్ని మార్చవచ్చు.

అరటి బోదె పొరను జానెడు పొడవున కోసి, రెండు చివరలనూ మడిచి ఈనెపుల్లతో గుచ్చితే దొప్ప తయారవుతుంది. దాన్ని వెడల్పాటి బేసినులో వదిలి, మునిగిపోకుండా ఎన్ని చింతపిక్కలు మోస్తుందో చూడటం మొదటి ఆట. పిక్కలన్నీ ఒక పక్కకు చేరితే పడవ ఎందుకు ఒరిగిపోతుందో పిల్లలు తమంతట తామే కనిపెడతారు, ఎవరూ చెప్పనవసరం లేదు. చెప్పకూడదు కూడా. రావి ఆకు తెరచాపగా కట్టి విసనకర్రతో గాలి విసిరితే అది రెండో ఆట. ఆ పడవ ఎక్కడికి వెళుతోంది, అందులో ఏం సరుకుంది, దారిలో ఎవరు అడ్డుపడ్డారు అన్న ప్రశ్నలు మొదలైతే బేసినే బంగాళాఖాతం అవుతుంది, తాతయ్య కాళ్లు రెండూ ఓడరేవులవుతాయి. దేవుడి గూటిలోని కర్పూరంతో మరో పడవ నడుస్తుంది. పలుచని అట్టముక్కను పడవ ఆకారంలో కత్తిరించి, వెనుక వైపు చిన్న గాటు పెట్టి, నీటిని తాకేలా అందులో కర్పూరం పలుకు ఇరికించి, శుభ్రమైన పళ్లెంలోని నిశ్చలమైన నీళ్ల మీద వదిలితే, తెడ్డు లేకుండానే పడవ ముందుకు కదులుతుంది. కర్పూరం కరిగే చోట నీటి తలతన్యత (నీటి పైపొర బిగువు) తగ్గడంతో ముందు వైపు నీళ్లు పడవను లాక్కుపోతాయి. పళ్లేనికి నూనె జిడ్డు ఉంటే మాత్రం పడవ కదలదు. ఆ సంగతి పిల్లలకు ముందుగా చెప్పకుండా రెండు పళ్లేలు ఇచ్చి చూడటం మంచిది. కర్పూరం మింగితే విషం కనుక ఆ పలుకు పెట్టే పని పెద్దల చేతిలోనే ఉండాలి.

పండుగ నుంచి ఆటను అరువు తెచ్చుకోవడం ఈ జిల్లాల్లో ఇంకా పెద్ద ఎత్తున సాధ్యమయ్యేది వేషాల దగ్గర. బరంపురంలో రెండేళ్లకొకసారి జరిగే బుఢీ ఠాకురాణి యాత్రలో అమ్మవారు చేనేత పనివారైన దేరా కులస్థుల పెద్ద దేశీ బెహరా ఇంటి ఆడపడుచుగా పుట్టింటికి వస్తుంది. ఆ రోజుల్లో మొక్కున్నవారు పులులుగా, దేవతలుగా, పురాణ పాత్రలుగా వేషాలు కట్టి వీధుల్లో తిరుగుతారు. గంజాం పులి వేషం చూసి వచ్చిన పిల్లవాడు వారం రోజులు గాండ్రించకుండా ఉండలేడు. ఆ వారం వృథా కాకుండా చూడటానికి కావలసినవి పాత పసుపుపచ్చ చొక్కా, చారలకు బొగ్గు, తోకకు కొబ్బరి తాడు. ముఖానికి రంగు కావాలంటే వంటింటి పసుపు, బియ్యప్పిండి, బొగ్గుపొడి చాలు. బజారు కుంకుమలో ఏ రంగులు కలుపుతారో తెలియదు కనుక దాన్ని కళ్ల దగ్గరికి రానీయకపోవడమే మేలు. పసుపులో సున్నం కలిపితే వచ్చే పారాణి పాదాలకు అందమే గాని, సున్నం మంట పుట్టిస్తుంది కాబట్టి ముఖానికి పనికిరాదు.

వేషం కట్టాక ఆట నిలబడేదీ కూలిపోయేదీ పెద్దల మాటల మీదే. పులి వచ్చి ఎదురుగా నిలబడి గాండ్రిస్తే, "పులికి ఎన్ని కాళ్లురా? పులి ఏం తింటుంది?" అని అడిగే తాతయ్య ఆటలోకి రాలేదు, పరీక్ష పెట్టాడు. ఆ ప్రశ్నలకు జవాబు పిల్లవాడికీ తెలుసు, తాతయ్యకూ తెలుసు. ఇద్దరికీ తెలిసిన విషయం మాట్లాడుకోవడంలో ఊహకు పని లేదు. అదే తాతయ్య గజగజ వణుకుతూ, "పులిగారూ, నన్ను తినేయకండి, నా మేకలు చెరువు గట్టున ఉన్నాయి, దారి చూపిస్తాను" అంటే కథ పుట్టింది. ఇప్పుడు పులి దారి అడగాలి, తాతయ్యను నమ్మాలో వద్దో తేల్చుకోవాలి, మోసపోతే కోప్పడాలి, ఇదంతా తెలుగులోనే జరగాలి, ఎందుకంటే ఈ మేకల కాపరికి తెలుగు తప్ప మరో భాష రాదు. పెద్దలు ఎప్పుడూ తక్కువ పాత్ర తీసుకోవడం ఇందులో ముఖ్యమైన సూత్రం: పిల్ల రాజైతే పెద్దవారు భటులు, పిల్ల వైద్యురాలైతే పెద్దవారు రోగులు. ఇల్లంతా తమ మాట మీదే నడిచే పెద్దలకు ఇది కొంచెం కష్టమైన పాత్రే.

అంగడి ఆట దీనికి దగ్గరి చుట్టం. రాయగడ, గుణుపురం సంతల్లో ఒకే గంపకు ముగ్గురు ముగ్గురు కొనుగోలుదారులు మూడు భాషల్లో బేరమాడటం పిల్లలు చూస్తూనే ఉంటారు. ఒడియా, తెలుగుతో పాటు కొండ ప్రాంతాల కువి, సవర కూడా అక్కడ వినిపిస్తాయి. పర్లాకిమిడిలో ఉంటూ సవర నేర్చుకొని ఆ భాషకు నిఘంటువు కూర్చిన గిడుగు రామమూర్తి ఈ నేల మీదివాడే కాబట్టి, పలు భాషల మధ్య మసలడం ఇక్కడ కొత్త విద్య కాదు. ఇంట్లో సంత పెట్టినప్పుడు గచ్చు మీద ఆకులు, రాళ్లు, మట్టి ముద్దలు సరుకులు. బాదం ఆకులు నోట్లు, చింతపిక్కలు చిల్లర. దుకాణదారు పిల్ల. మామ్మ తెలుగులో బేరమాడే గిరాకీ, పక్కింటి ఒడియా పిల్ల ఒడియాలో బేరమాడే గిరాకీ. ధర ఎక్కువ చెప్పిన దుకాణదారుతో మామ్మ నిజమైన సంతలో వాదించినట్టే వాదించాలి, "ఇంత పుచ్చు వంకాయకు అంత ధరా?" అని విసుక్కోవాలి, వెళ్లిపోతున్నట్టు నటించాలి. ఊరికే అడిగినంత ఇచ్చేసి సంచి పట్టుకుపోయే గిరాకీ ఉంటే దుకాణం పది నిమిషాల్లో మూతపడుతుంది.

చేతి పని ఇష్టపడే ఆరేడేళ్లు దాటిన పిల్లలకు గంజపా ముక్కలు చేయించడం వారాల తరబడి సాగే ఆట. పర్లాకిమిడిలోనూ, ఒడిశాలోని ఇతర చిత్రకారుల ఊళ్లలోనూ తయారయ్యే ఈ పేకముక్కలు గుండ్రంగా ఉంటాయి. ఒక్కో రంగులో, అంటే ఒకే గుర్తున్న ముక్కల జట్టులో, 1 నుంచి 10 దాకా అంకెల ముక్కలు, పైన మంత్రి, రాజు, మొత్తం 12. ఎనిమిది రంగుల కట్టలో 96 ముక్కలు. చిత్రకారులు వాడే పద్ధతినే ఇంటికి తగినట్టు కుదించుకోవచ్చు. చింతపిక్కలను రెండు మూడు రోజులు నానబెట్టి, పొట్టు తీసి, రుబ్బి, నీళ్లతో ఉడికిస్తే మంచి జిగురు వస్తుంది. పాత పంచె ముక్కలు రెండింటిని ఆ జిగురుతో అతికించి, సుద్దపొడి కలిపిన జిగురు పైన పూసి, ఎండలో ఆరబెట్టి, నున్నటి రాయితో రుద్దితే గుడ్డ అట్టలా గట్టిపడుతుంది. గాజు పెట్టి గీసుకొని కత్తిరిస్తే గుండ్రటి ముక్క సిద్ధం. ఇంటికి 96 అక్కర్లేదు, మూడు రంగులు చాలు. ఆ మూడూ ఏమిటన్నది పిల్లలు తేల్చాలి. ఋషికుల్య ముఖద్వారానికి గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ఒక రంగు, ఆటోరిక్షాలు ఒక రంగు, ఇడ్లీలు ఒక రంగు అయితే తాబేళ్ల రాజు ఎలా ఉంటాడు, ఇడ్లీల మంత్రి ఎవరు అన్న సమస్యలు వస్తాయి (చట్నీ అని చాలామంది పిల్లలు తేలుస్తారు). ఆట నియమాలు కూడా వాళ్లే రాసుకోవాలి. బజారులో దొరికే పేక కట్ట దీనికన్నా నున్నగా ఉంటుంది గాని, అందులో ఇడ్లీల రాజు ఉండడు.

పసుపు ఉత్తరం దీనికన్నా తేలిక. బట్టల సబ్బు చిక్కగా కరిగించిన నీళ్లలో ఈనెపుల్ల ముంచి తెల్లకాగితం మీద ఏదైనా గీసి ఆరనిస్తే కంటికి దాదాపు ఏమీ కనిపించదు. పైన పసుపునీళ్లు దూదితో అద్దితే గీసినంత మేరా ఎర్రగా తేలుతుంది. సబ్బులోని క్షారం తగిలితే పసుపు ఎరుపెక్కుతుంది, నిమ్మరసం చుక్క వేస్తే మళ్లీ పచ్చబడుతుంది. మనవడు ఒడియాలో రాస్తే మామ్మకు చదవడం రాదు, మామ్మ తెలుగులో రాస్తే మనవడికి రాదు, కాబట్టి ఈ రహస్య ఉత్తరాలు బొమ్మల లిపిలో సాగాలి: రెండు గీతలు రోడ్డు, చుక్కల వరుస వాన, త్రిభుజం గుడి. ఆ లిపికి నిఘంటువు వాళ్లిద్దరి దగ్గరే ఉంటుంది. శంఖుపూలను నానబెట్టిన నీలిరంగు నీళ్లతోనూ ఇలాంటి ఆటే ఆడవచ్చు. నిమ్మరసం పడగానే అవి ఊదారంగుకు తిరుగుతాయి.

అక్టోబరు ఈ తీరంలో తుపానుల నెల. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటాయి. ఆ రెండు సార్లూ ఈ జిల్లాల్లో ఎన్నో ఊళ్లలో కరెంటు రోజుల తరబడి రాలేదు. అలాంటి రాత్రుల్లో నీడల ఆట పిల్లల భయాన్ని పక్కకు మళ్లిస్తుంది. తెల్ల పంచె కట్టి వెనుక లాంతరు పెడితే తెర అవుతుంది. చేతులతో కుందేలు, లేడి, పాత శుభలేఖల అట్టతో కత్తిరించిన బొమ్మలతో మిగతావి. బొమ్మను దీపం దగ్గరికి జరిపితే నీడ తెరనిండా పెరుగుతుంది, తెర దగ్గరికి తెస్తే చిన్నదవుతుంది. ఆ ఒక్క కిటుకుతో ఒకే అట్టముక్క పిల్లి పిల్లగానూ బ్రహ్మరాక్షసిగానూ పనిచేస్తుంది. తోలుబొమ్మలాట చూసిన తాతలకు పాత్రకో గొంతు పెట్టడం నేర్పనక్కర్లేదు. కొవ్వొత్తి కన్నా టార్చి క్షేమం, ఎందుకంటే పంచె నూలు గుడ్డ.

వెన్నెల ఆటలకు వేరే ఏర్పాటు అవసరం లేదు. ఆశ్వయుజ పౌర్ణమి నాటి కుమార పూర్ణిమకు ఒడియా ఆడపిల్లలు గొంతు కూర్చొని ఎగురుతూ పుచి ఆడతారు. సరిగ్గా ఆ తర్వాతి తదియ నాడు తెలుగు పిల్లల అట్లతద్ది, ఉయ్యాలలు. ఒకే వీధిలో ఉండే పిల్లలు మూడు రోజుల తేడాతో ఒకరి ఆట ఒకరు నేర్చుకుంటారు. వేసవిలో ముంజెలు తిన్నాక మిగిలిన రెండు బుర్రలకు ఇరుసుగా పుల్ల గుచ్చి, పంగల కర్రతో తోస్తే బండి తయారు. కొబ్బరాకుతో బూర, పాము, కళ్లద్దాలు చేయడం రాని తాత ఈ తీరంలో అరుదు. సైకిల్ వాల్వు ట్యూబు ముక్కల్లో అగ్గిపుల్లలు గుచ్చి ఇళ్లు, గోపురాలు కట్టించే పద్ధతిని అరవింద్ గుప్తా దేశమంతటా ప్రచారం చేశారు. పారేసే వస్తువులతో బొమ్మలు చేయించిన ఆయన కృషికి 2018లో పద్మశ్రీ వచ్చింది.

తల్లిదండ్రులు సూరత్ మగ్గాల దగ్గరో విశాఖలోనో పని చేస్తూ, పిల్లలు తాతల దగ్గర పెరిగే కుటుంబాలు గంజాంలో చాలా ఉన్నాయి. అక్కడ అమ్మానాన్నలతో మాట్లాడించే ఫోను శత్రువు కాదు. అయిదేళ్ల లోపు పిల్లల విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన మార్గదర్శకాలు ఏడాది పిల్లలకు తెర వద్దనీ, రెండు నుంచి నాలుగేళ్ల వారికి కూర్చుని తెర చూసే సమయం రోజుకు గంట దాటవద్దనీ చెబుతాయి. ఉన్న ఆ కొంచెం సమయాన్ని "చదువుతున్నావా, అల్లరి చేయకు" అన్న మాటలతో గడిపేయడం కన్నా, నాన్న ఫోనులో ఒక వింత జంతువును వర్ణిస్తే పిల్ల దాన్ని గీసి చూపించడం, రోజుకు ఒక వాక్యం చొప్పున ఇద్దరూ కలిసి ఒక కథను పెంచడం మంచి ఆటలు. నిన్నటి వాక్యం గుర్తుంచుకోవడానికైనా పిల్ల మర్నాటి ఫోను కోసం ఎదురుచూస్తుంది.

డబ్బు ఖర్చు లేదన్నంత మాత్రాన ఈ ఆటలు ఉచితమని అనుకోకూడదు. వీటి ఖర్చు ఇంట్లో ఎవరో ఒకరి సమయం, అది చాలా ఇళ్లలో పొయ్యి దగ్గర నిలబడి ఉన్న మామ్మ సమయమే అవుతుంది. అరుగు మీద పేపరు చదివే తాత ఖాళీగానే ఉంటాడు. పులి వేషానికి, అంగడికి, గంజపాకు మోకాళ్ల నొప్పులు అడ్డు రావు, కూర్చున్న చోటనే సాగుతాయి కనుక తాతలకు సాకులు తక్కువ. పిల్లలు రోజంతా పెద్దలతోనే ఆడాలన్న నియమమూ లేదు. ఆట మొదలయ్యే వరకు తోడుండి, పాత్రలు నిలదొక్కుకున్నాక పక్కకు తప్పుకునే పెద్దలే మంచి ఆటగాళ్లు. మూడేళ్ల లోపు పిల్లలు ఇంట్లో ఉంటే చింతపిక్కలు, గవ్వలు, పూసలు గొంతుకు అడ్డుపడతాయి కాబట్టి ఆట కాగానే డబ్బాలో వేసి పైన పెట్టాలి, నీళ్ల ఆట బేసినులోనిదైనా కనుచూపు మేరలోనే జరగాలి.

పది, పదకొండేళ్లు వచ్చాక పులి వేషం కట్టమంటే పిల్లలు సిగ్గుపడతారు. ఊహ అక్కడ తగ్గిపోదు, నియమాలు తయారుచేసే వైపు తిరుగుతుంది. ఆ వయసుకు అరుగు మీద సుద్దతో గీసే పులిజూదం సరిగ్గా సరిపోతుంది: 23 స్థానాలు, 3 పులులు, 15 మేకలు. మామూలుగా రెండు మూడు సార్లు ఆడాక, పటాన్ని మార్చే హక్కు పిల్లలకే ఇవ్వాలి. గీతలు పెంచవచ్చు, చెరువు ఒకటి పెట్టి అక్కడ పులి దూకకూడదనవచ్చు, మేకలకు కాపరిని ఇవ్వవచ్చు. నాలుగో పులి వస్తే మేకలు ఎన్ని ఉండాలన్నది తాతకూ తెలియదు కాబట్టి, ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఆడి తేల్చుకోవలసిందే.